నాలుగో డిస్కు

మా ఓకిహామ చేపల వేలం ఆఫీసులో కుజుమాకి తోమోయెకి మేం పెట్టిన పేరు రైలమ్మ. వాళ్ల నాన్న రైలు డ్రైవరు. సిగ్నల్ వైపు వేలు చాచి, చూసింది పైకి చెప్పి గానీ బండి కదిపేవాడు కాదట. కూతురికీ అదే అలవాటు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా మా యునిక్స్ సర్వర్‌ని ఆమే చూసుకుంటోంది. ఏ పని చేయాలన్నా ముందు వేలు చాచి, గొంతెత్తి చెప్పాల్సిందే. నవ్వేవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు.

ఆ బుధవారం మార్కెట్‌కి సెలవు. సర్వర్ లేచి నిలబడటానికి కావలసిన సరంజామా అంతా మూడు పాత డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉండేది. ఏ ఒక్కటి చెడినా మిషన్ పడకేసినట్టే. దాన్నంతా ఒకటో డిస్కు మీదికి చేర్చి, అచ్చం అలాంటి జోడు కొత్త ఖాళీ డిస్కు మీద పెట్టాలి. అప్పుడు ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. గురువారం తెల్లవారేసరికి తొంభై పడవలు సరుకుతో వస్తాయి. ఆలోగా అంతా అయిపోవాలి.

మధ్యాహ్నానికి చేర్చడం అయింది. కొత్త డిస్కు పెట్టిన అర మీద ‘5’ అని చీటీ ఉంది. తోమోయె 5 కొట్టి, ఆగింది.

“ముందు ఊరికే చదివిస్తాను. చదివేటప్పుడు ఈ అర దీపం వెలగాలి.”

“చీటీ కనబడుతూనే ఉందిగా తల్లీ! ఇంకా ఈ రైలు కూత దేనికి?” అన్నాడు మా మేనేజరు ఓకుదైరా.

ఆమె వినిపించుకోలేదు. అరల ముందు నిలబడి వేలు చాచింది. “ఐదు, దీపం...” మాట అక్కడే ఆగింది. మిణుకుమంటున్నది ఆరో చీటీ దగ్గర దీపం! అందులో ఉన్నవి పద్దెనిమిదేళ్ల వేలం వివరాలు; జోడు దాని మీద రాసి ఉంటే అన్నీ చెరిగిపోయేవి. టేపు మీద నకలు ఉంది గానీ, తిరిగి ఎక్కించాలంటే రెండు రోజులు.

తోమోయె చీటీలు వరసగా చదివింది. “ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు. నాలుగేది సార్?”

ఓకుదైరా మొహం చిన్నబోయింది. “అది చావు అంకె కదమ్మా, పలికితే ‘చావు’ అన్నట్టే వినిపిస్తుంది. ఆస్పత్రుల్లోనే ఆ నంబరు గది ఉండదు. సర్వర్ మీద ఎలా అంటిస్తాను?”

“మిషన్‌కి ఆ పట్టింపు లేదు. మీ ఐదు దానికి నాలుగు, మీ ఆరు దానికి ఐదు. ఇదిగో పెన్ను.”

“నేను రాయను. నువ్వు రాయి.”

“ఎగ్గొట్టింది మీరు. రాయాల్సిందీ మీరే.”

రాశాడు, పాపం.

గంటన్నరలో జోడు సిద్ధమైంది. “ఇక ఒకటో డిస్కు పీకేస్తాను. దాని జోడు ఒక్కటే మిషన్‌ని లేపుతుందో లేదో చూద్దాం,” అంది తోమోయె.

“బాగున్నదాన్ని పీకుతావా? మతి గానీ పోయిందా?”

“ఇవాళైతే నేనున్నాను. రేపు పడవలొచ్చాక దానంతటదే పోతే?”

సర్వర్ ఆపి, ఒకటో డిస్కు లాగి బల్ల మీద పెట్టి, మళ్లీ ఆన్ చేసింది. ఫ్యాన్లు హోరెత్తాయి. తెర నల్లగానే ఉంది. ఓకుదైరా తెర ముందుకి వంగాడు. ఆమె మాత్రం నింపాదిగా టీ పోసుకుంది. నాలుగో దీపం వెలిగింది. కాసేపటికి తెర మీద వేలం పట్టిక వచ్చి నిలిచింది.

మా మేనేజరు వేలు తనంతట తానే లేచింది. “నాలుగు, బాగుంది!” అని అరిచాడు.

ఎవరం నవ్వలేదు.