మావయ్య జాడీకి రెండు పీపా చెక్కలు

తెనాలి నుంచి బాపట్ల, మళ్ళీ తెనాలి మీదుగా రేపల్లె. ఒక్క రోజులో అయిపోయే ప్రయాణమే. 2006 వేసవిలో నేనీ చుట్టు తిరిగింది రెండు చెక్కల కోసం.

రేపల్లెలో ఉండే మా మేనమామ చాలాకాలం ఓడల్లో వంట చేసి వచ్చారు. ఏదో రేవులో తాగిన, చెక్క పీపాలో ఏళ్ళపాటు ఊరిన సారా రుచి ఆయన్ను వదల్లేదు. ఏటా పెరట్లో జీడిమామిడి పళ్ళతో ఒక జాడీకి సరిపడా కాస్తారు. (ఎక్సైజు వారు ఇది చదివితే, ఆయనది రేపల్లె కాదని మనవి.) అందులో పాత పీపా చెక్క నానేస్తే ఆ రుచి వస్తుందని ఆయన నమ్మకం.

"లోపలి వైపు కాల్చి ఉంటుందిరా అల్లుడూ. ఆ నలుపులోనే ఉంది అంతా."

ఆ ఏడు తొందర వచ్చిపడింది. వచ్చే నెల నుంచి మావయ్య గొంతుకి కరెంటు, అదే రేడియేషను, పెడతామని, పెట్టాక రుచి తెలియకపోవచ్చని డాక్టరు చెప్పారు. చిన్న ముక్కలైతే నెల నానినా చాలన్నారు మావయ్య.

పొద్దున్నే పాసింజరెక్కి ఎనిమిదింటికి బాపట్లలో దిగాను. స్టేషను బయట ఇడ్లీ బాగుంది. చట్నీ గురించి మాట్లాడను. షేరు ఆటోలో సూర్యలంక వెళ్ళాను. ఎప్పుడో ఒడ్డుకి కొట్టుకొచ్చిన పీపా ఒకటి అక్కడొక జాలరి ఇంట్లో ఉందని మావయ్యకి కబురు.

"ఇనప పట్టీలు అమ్మేశాం బాబూ, చెక్కలు పొయ్యిలోకి పోయినాయి," అంది ఆ ఇంటి ముసలమ్మ. "రెండే మిగిలినాయి, వలల కింద ఎత్తు పెట్టాం."

"ఎంతమ్మా?"

"పొయ్యిలో పెట్టేదానికి డబ్బులేంటి, పట్టుకుపో."

లోపలి వైపు బొగ్గులా ఉంది. గోటితో గీకి వాసన చూస్తే, అన్నేళ్ళ తర్వాత కూడా, మాడిన బెల్లప్పాకంలా తియ్యటి ఘాటు.

తిరుగు రైల్లో ఎదుటి సీటావిడ ఆ వంపు చెక్కలను చూసి, "ఉయ్యాలకాండీ? ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగింది. మగపిల్లాడేనన్నాను. వయసు అరవై దాటిందని చెప్పలేదు.

జాడీ మూతిలో పట్టాలంటే చెక్కలు జానెడు ముక్కలవ్వాలి. తెనాలి స్టేషను దగ్గర వడ్రంగి మస్తాన్‌కి ఇచ్చి, కొయ్యమన్నాను. ఇంకేమీ చెయ్యొద్దని చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు. భోజనం చేసొచ్చి పక్క కొట్లో టీ తాగాను. బాగుందనిపించి ఇంకోటి తాగాను.

మస్తాన్ ముక్కలు చేతికిచ్చాడు. అద్దాల్లా మెరుస్తున్నాయి.

"మాడిపోయి ఉంది సార్, అదంతా చిత్రిక పట్టేశా. లోపల చూడండి ఎంత మంచి చెక్కో. పాలిష్ కూడా కొట్టా. దానికి మీరేం ఇవ్వక్కర్లా."

"ఆ పొట్టేదీ?"

"టీ కొట్టుకిచ్చేశా సార్, పొయ్యిలోకి. భలే మండిందంట. ఇందాక మీరు తాగలా?"

రేపల్లె పాసింజరు నెమ్మదిగా వెళ్తుందని అందరూ తిడతారు. ఆ రోజు నాకు తొందరగా వెళ్ళినట్టనిపించింది.

మావయ్య ఒక ముక్క తీసుకుని వాసన చూశారు. కథంతా విన్నారు. తిట్టలేదు.

"పనిమంతుడే. కిటికీలో పెట్టుకుందాంలే, అందంగా ఉన్నాయి," అన్నారు. ముక్కని కిటికీలో నిలబెడుతూ, "టీ ఎలా ఉందిరా?" అని అడిగారు.

"బాగుంది మావయ్యా."

"బాగుందంటే? ఎలా?"

ఎంత ఆలోచించినా ఒక్కటే తట్టింది. "వేడిగా ఉంది."

"వేడి నాకూ తెలుస్తుందన్నార్లే డాక్టరు," అన్నారాయన.

సాయంత్రం బండికి తెనాలి తిరిగొచ్చాను. మీరెవరైనా ఇటు వస్తే స్టేషను దగ్గర ఆ టీ తాగవచ్చు. ఆ రోజు దిగగానే నేను మళ్ళీ తాగాను, ఈసారి గుక్కగుక్కకీ ఆగి. అల్లం కొంచెం ఎక్కువ, పాలు అడుగంటిన వాసన, చివరి గుక్కలో కరగని పంచదార. అడిగితే చెబుదామని అన్నీ గుర్తుపెట్టుకున్నాను. మావయ్య మళ్ళీ అడగలేదు.