పిల్లి ముఖం చదివే డాక్టరమ్మ

మొయినాబాద్‌లో పెంపుడు జంతువుల దవాఖానలో మత్తు ఇచ్చే డాక్టరమ్మ ఏ పిల్లి దగ్గరైనా మోకాళ్ల మీద కూర్చుని, దాని ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరగా చూసేది. చేవెళ్లలో ఆటో తగిలి తొడ ఎముక విరిగిన మా పిల్లికి రాడ్డు వేసిన మర్నాడు, అది బోనులో ముడుచుకుని ఉంది.

“సప్పుడు చేస్తలేదు మేడం. నొప్పి తగ్గినట్టున్నది,” అన్నాను.

“పిల్లి ఏడ్వదన్నా. జర కండ్లు చూడు, సగం మూసింది. చెవులు పక్కకు వాల్చింది. ఓర్చుకుంటున్నది.”

ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి అక్కడే కూర్చుంది. అరగంటకు పిల్లి చెవులు నిక్కించి నా వేళ్లు నాకింది. నేను రెండు చేతులూ జోడించాను.

ఆమె గోడ పట్టుకుని లేచింది.

“మోకాళ్లు నొస్తున్నయా మేడం?”

“నాకేం లేదన్నా,” అంది, కళ్లు సగం మూసి.