ఒక్క టబ్బు కోసం

కంప్యూటర్ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాల్సిన రోజులవి. గోదావరిఖనిలో బొగ్గుదుమ్ము చేరని చోటంటూ ఉంటే అది మా గదే, దానికి ఇరవై నాలుగేళ్ల పూజారిని నేను. (ఆఫీసరుకు ఫ్యాను, నా సర్వరుకు ఏసీ. తలకెక్కక ఏమవుతుంది?) గనుల నుంచి హెడ్డాఫీసుకు వెళ్లే మెయిళ్లన్నీ నా చేతుల మీదుగానే పోయేవి.

ఒక వేసవిలో సర్వరు మొరాయించింది. ఎప్పుడో రిటైరైన ఒకాయన మెయిల్ పెట్టె మూసేసినా, ఆయన పేరు ప్రతి జాబితాలోనూ ఉండిపోయింది. ఆయనకు పంపినవి చేరవు, సర్వరు పట్టు వదలదు, మళ్లీ మళ్లీ పంపుతుంది. అలాంటివి గుట్టలుగా పేరుకుని, మంచి ఉత్తరాలు కూడా వాటి వెనక వరుసలో ఇరుక్కుపోయాయి.

అప్పుడే మా వీధి కాక వచ్చాడు. నాన్నతో పాటు గనిలో దిగినవాడు. మోకాళ్లు అరిగిపోయి, భూమి పైన పని ఇవ్వమని అర్జీ పెట్టుకున్నాడు. డాక్టర్ల బోర్డు నెలకొకసారే కూర్చుంటుంది. ఆయన పేరున్న మెయిలు ఆ సాయంత్రంలోగా చేరకపోతే ఇంకో నెల గనిలోకి దిగాల్సిందే. గుమ్మం దగ్గర బూట్లు విప్పడానికే ఆయనకు ఐదు నిమిషాలు పట్టింది.

"నా కాయితం పోయిందా బిడ్డా?"

"లైను జామైంది కాకా. ఫికర్ చెయ్యకు, జల్ది సాఫ్ చేస్త."

"మా కాడ గూడ గంతే. బొగ్గు టబ్బు ఒక్కటి పట్టాలు తప్పితే ఎనకవన్ని ఆగుతయి. గా ఒక్కదాన్ని లేపి పక్కకు పెడితే సాలు."

గనిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు తోసే మనిషి నాకు పాఠం చెప్పడమేమిటని నామోషీ అనిపించింది. ఆయన వెళ్లాక, ఆ ఒక్క చిరునామావి ఏరే ఓపిక లేక, వరుస మొత్తాన్నీ ఒక్క దెబ్బకు తుడిచేశాను. సర్వరు పరుగందుకుంది. ఆఫీసరు భుజం తట్టి మిర్చి బజ్జీలు తెప్పించారు. ఐదోది నోట్లో ఉండగా కాక కాగితం గుర్తొచ్చింది. గని గుమాస్తా ఇంకా సీట్లో ఉండే వేళే. ఫోన్ చేసి మళ్లీ పంపమంటే సరిపోయేది. కానీ తుడిచేశానని ఒప్పుకోవాలి కదా. బజ్జీ మింగేసి ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది.

ఆ తర్వాత కాక మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ ఒంగి బూట్లు విప్పాడు, లోపలికొచ్చి 'పోయింది కాకా' అన్న నా అబద్ధం విన్నాడు, మళ్లీ ఒంగి తొడుక్కున్నాడు. బోర్డు కూర్చుంది, ఆయన పేరు పిలవలేదు. నాలుగోసారి లేసు మీద చెయ్యి వేస్తుంటే నేనే బయటికొచ్చాను.

"ఇప్పకు కాకా," అని జరిగిందంతా చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఒక్క టబ్బుకు బొగ్గంత పారబోసినవా బిడ్డా," అని లేసు బిగించుకుని, గోడ పట్టుకుని లేచి సెకండ్ షిఫ్టుకు వెళ్లిపోయాడు.

కాగితం మళ్లీ పంపించాక, మరుసటి నెల బోర్డులో ఆయనకు పైన, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు గదిలో పని దొరికింది. కనబడితే నవ్వేవాడు, నేనే వీధి మార్చేవాణ్ణి. ఇప్పుడు నాకూ దాదాపు ఆనాటి కాక వయసు. పనికిరాని మెయిలు కూడా తెరిచి చదివాకే తీసేస్తానని మా పిల్లలు నవ్వుతారు. ఇంటికొచ్చి బూట్లు విప్పబోతే మోకాలు కటుక్కుమంటుంది. ఐదు బజ్జీలు తిన్న ఆ పూజారి గుర్తొచ్చి నాకూ నవ్వొస్తుంది, కానీ లేసు విప్పి తల ఎత్తడానికి కాస్త సమయం పడుతుంది.