రెండోసారి అడగని ఆదిలక్ష్మి గారు

ఈ పొద్దున పనసపొట్టు కూరలోకి ఆవాలు నూరుతుంటే ఘాటు ఒక్కసారిగా ముక్కుకెక్కింది. మాడు అదిరిపోయి, కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. పొత్రం వదిలేసి, కొంగుతో ముక్కు మూసుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. ఆవఘాటు తగిలితే మా ఇంట్లో అందరికీ వేసవికాలం, ఆవకాయ జాడీలు గుర్తొస్తాయి. నాకు మాత్రం టోక్యోలో ఒక సన్నటి సందు, ఆ సందులో పట్టుమని పదిమంది కూడా పట్టని ఒక చిన్న భోజనశాల, అక్కడ చెక్కబల్ల ముందు నా పక్కన పట్టుచీర కట్టుకుని నిటారుగా కూర్చున్న ఆదిలక్ష్మి గారు గుర్తొస్తారు. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఘాటు తగ్గాక కూడా కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నానంటే ఆ తప్పు ఆవాలది కాదు.

ఆవిడని ఎరగనివాళ్ళకి ముందు ఆవిడెవరో చెప్పాలి. బందరు దగ్గర సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు తల్లి వెంట గంప నెత్తినపెట్టుకుని చేపలమ్మారు. పెద్దయ్యాక రేవులో మగవాళ్ళ మధ్య నిలబడి వేలంపాటలు పాడారు, కొల్లేటి చేపలు లారీలకెత్తించారు. తొంభైల్లో మా వైపు వరిచేలు రొయ్యల చెరువులుగా మారిపోతున్న రోజుల్లో, విజయవాడ నుంచి బందరు వెళ్ళే దారిలో రొయ్యలు వలిచి, గడ్డకట్టించి, విదేశాలకు పంపే ఫ్యాక్టరీ పెట్టారు. నేను జంతుశాస్త్రంలో డిగ్రీ చేసి, పటమటలో మా ఇంటి దగ్గర బస్సెక్కి, ఆ ఫ్యాక్టరీలో రొయ్యల నాణ్యత చూసే ఉద్యోగంలో చేరాను. ఇంట్లో మా అమ్మ నన్ను నోట్లో నాలుక లేని పిల్ల అనేది. అది పొగడ్త అనుకునే వయసు నాది.

ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాలు ఆవిడ దగ్గరే. ఆఫీసు వెనక వసారాలో పొడవాటి బల్ల ఒకటి ఉండేది. అటువైపు ఆవిడ గరిటెతో నిలబడేవారు, ఇటువైపు మేం కూర్చునేవాళ్ళం. ఇవాళ కూరేమిటని అడగడానికి వీల్లేదు. పొద్దున రేవు నుంచి ఏది బాగుంటే అది వచ్చేది. ఒకరోజు మెత్తళ్ళ వేపుడు, ఒకరోజు బొమ్మిడాయిల పులుసు. వచ్చిన సరుకేదీ ఆవిడకి నచ్చకపోతే అందరికీ పప్పుచారే. చేరిన రోజు ఆవిడ నా పళ్ళెంలో రెండో గరిటె వెయ్యబోతుంటే నేను అలవాటుగా "చాలండీ" అన్నాను. గరిటె అక్కడే ఆగిపోయింది. అలాగే పక్కవాళ్ళ పళ్ళెం మీదికి వెళ్ళిపోయింది.

మా ఇళ్ళల్లో మొదటిసారి అనే చాలుకి విలువే లేదు. అది బతిమాలమని ఇచ్చే పిలుపు. వడ్డించేవాళ్ళు "అదేం తిండమ్మా, పిట్టలాగా" అనాలి. మనం విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాలి. వాళ్ళు ఆ వేళ్ళ సందుల్లోంచే వడ్డించెయ్యాలి. అప్పుడు మనం అయ్యో అయ్యో అంటూ కడుపునిండా తినాలి. అంత తతంగం నడిస్తేనే అది మర్యాద. నేను ఆ బతిమాలడం కోసం ఎదురుచూస్తూ మెతుకులు కెలుకుతూ కూర్చున్నాను. అది ఎంతకీ రాలేదు.

"అయిందిగా, లెగమ్మా. చెయ్యి కడుక్కో," అన్నారు ఆవిడ.

లెక్కలు చూసే సుభానీ గారు కుళాయి దగ్గర నా మొహం చూసి నవ్వారు. "ఇక్కడ మొహమాటపడితే ఎండిపోతావమ్మా. ఈవిడ ఒక్కసారే అడుగుద్ది. నేను చేరిన కొత్తల్లో బెల్టుకి ఇంకో బెజ్జం పొడిపించుకున్నా," అన్నారు. వారం తిరిగేసరికి నేను కూడా పళ్ళెం ముందుకి జరిపి "ఇంకొంచెం వెయ్యండి" అనడం నేర్చుకున్నాను. అన్నం దగ్గర నేర్చుకున్నాను గానీ మిగతా చోట్ల నా బుద్ధి మారలేదు.

కొన్నేళ్ళు గడిచాయి. కొనేవాళ్ళతో ఉత్తరప్రత్యుత్తరాలు, ఫోన్లు, సరుకు మీద వచ్చే పేచీలు, అన్నీ మెల్లగా నా నెత్తినే పడ్డాయి. అప్పుడు ఎగుమతుల మేనేజరు ఉద్యోగం మానేసి చెన్నై వెళ్ళిపోయాడు. ఒకరోజు వసారాలో ఆదిలక్ష్మి గారు చేపలు తోమించుకుంటూ, నా వైపు చూడకుండానే అడిగారు.

"ఆ కుర్చీ ఖాళీగా ఉంది. నీకేవన్నా ఆలోచనుందా రాజీ?"

నా గుండె ఎగిరి గంతేసింది. అందుకని నా నోరు ఏమందంటే, "అబ్బే, నాకెందుకులెండి మేడమ్. నేనెక్కడ, ఆ ఉద్యోగమెక్కడ" అంది.

"సరే," అన్నారు ఆవిడ. అంతే. ఇంకో మాట లేదు.

నేను ఆ రాత్రంతా రెండోసారి అడిగితే ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. ఆ రెండోసారి రాలేదు. బందరులో ఉన్న ఆవిడ అన్నగారి కొడుకుని ఆ కుర్చీలో కూర్చోబెడతారని ఫ్యాక్టరీలో అనుకోవడం మొదలైంది. పనంతా నేను చేస్తున్నా నన్ను కాదని ఎవరినో తెస్తారా అని లోపల కుతకుత ఉడికిపోయాను. పైకి మాత్రం చిరునవ్వే. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలంటే, ఎవరూ లేనప్పుడు ఆ గదిలోకి వెళ్ళి కుర్చీ మీద దుమ్ము తుడిచి వచ్చేదాన్ని.

అలాంటి రోజుల్లో మా దగ్గర ఎప్పటినుంచో రొయ్యలు కొనే తనాకా గారు ఆవిడని టోక్యోకి రమ్మని పిలిచారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు అవి. ఇంగ్లీషు మాట్లాడటానికి నన్ను వెంట తీసుకెళ్ళారు. తిరిగి వెళ్ళాక అన్నగారితో మాట్లాడి కుర్చీ సంగతి తేల్చేస్తానని విమానంలో ఆవిడే అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి మబ్బులు చూస్తున్నట్టు నటించాను.

పనులన్నీ అయ్యాక ఒక సాయంత్రం తనాకా గారు మమ్మల్ని ఆ చిన్న భోజనశాలకి తీసుకెళ్ళారు. బయట బోర్డు కూడా సరిగ్గా కనిపించలేదు. లోపల పొడవాటి లేతరంగు చెక్కబల్ల, కొత్త చెక్క వాసన. బల్లకి అటువైపు గుండు చేయించుకున్న ఒక పెద్దాయన తెల్లటి బట్టల్లో నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు, కోపం కూడా లేదు. మా ఎదురుగా నున్నటి పచ్చటి ఆకు ఒక్కొక్కటి పరిచాడు. ఇక్కడ ఏం కావాలో మనం చెప్పక్కర్లేదనీ, ఏం పెట్టాలో ఆయనకే వదిలేస్తామనీ, మనం చాలనేదాకా ఒక్కొక్కటే చేసి పెడుతూ ఉంటాడనీ తనాకా గారు చెప్పారు. నేను తెలుగులో చెప్పాను.

"మన వసారాలాగే అన్నమాట," అన్నారు ఆదిలక్ష్మి గారు. ఆకు చూసి ఇంకా స్థిమితపడ్డారు.

పెద్దాయన గోరువెచ్చని పుల్లటి అన్నం అరచేతిలో ముద్ద చేసి, దాని మీద పల్చటి చేపముక్క అద్ది, కుంచెతో పులుసులాంటిది రాసి మా ఆకుల మీద పెట్టాడు. చేప పచ్చిది. ఆవిడ నా చెవిలో "కొంగలు తినేది మనల్ని తినమంటున్నాడే" అన్నారు. అని, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నారు. నమిలారు. కళ్ళు తెరిచారు. "చేప మంచిది. పులుపు కుదిరింది. కానియ్," అన్నారు. నాకు రెండో ముద్దలో లోపల దాచిన పచ్చటి ముద్దేదో తగిలి ఘాటు ముక్కులోంచి మాడుకెక్కింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఆవిడ భుజాలు కదిలేలా నవ్వారు. "ఆవపెట్టాడే! చెప్పకుండా ఆవపెట్టాడు!"

నాలుగు ముద్దలు తిన్నాను. నాకు భయం పోయింది, రుచి తెలిసింది, ఆకలి అప్పుడే లేచింది. సరిగ్గా అప్పుడు నాలో మా ఇంటి మర్యాద నిద్రలేచింది. పరాయివాళ్ళ విందు, ఎంతసేపని వద్దనకుండా తింటాం? ఐదో ముద్ద పెట్టబోతుంటే ఆకు మీదికి వంగి, రెండు చేతులూ అడ్డం పెట్టి, నవ్వుతూ "నో, నో, ఇనఫ్" అన్నాను. పెద్దాయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తల వంచాడు. ఆకు తీసేశాడు. బల్ల గుడ్డతో తుడిచి, వేడి టీ ఉన్న బరువైన కప్పు నా ముందు పెట్టాడు. అంత శుభ్రమైన బల్లని నేను జన్మలో చూడలేదు.

ఆ తర్వాత నా పక్కన పండగ జరుగుతూనే ఉంది. కాల్చిన మలుగుచేప ముక్క వచ్చింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "మలుగే ఇది! భలే చేశాడు. ఇంకోటి పెట్టమను," అన్నారు. నేను చెప్పాను. ఉడికించిన రొయ్య వచ్చింది. "అదీ ఇంకోటి అడుగు," అన్నారు. అడిగాను. ఆవిడ కోసం నా గొంతు ఖంగుమని పలుకుతోంది. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. టీ మీద టీ తాగుతూ గుటకలు మింగుతున్నాను. ఆవిడ నమలడం ఆపి నా వైపు తిరిగారు.

"కడుపు నిండిందా?"

"నిండిందండీ."

"నా మొహం చూసి చెప్పు."

"లేదండీ. ఆకలేస్తంది."

"మరి చాలని ఎందుకన్నావు?"

"ఇంకోసారి అడుగుతారనుకున్నానండీ."

ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "ఆయన తప్పేవుందే? నువ్వు చాలన్నావు, ఆయన నమ్మాడు. నీ మాట నమ్మినోళ్ళ మీద నువ్వు లోపల్లోపల ఉడుక్కుంటే ఎట్టా?" అన్నారు.

ఖాళీ కుర్చీ, సరే అన్న ఆవిడ మాట, అప్పటినుంచీ నేను మోస్తున్న కోపం, అన్నీ ఆ ఖాళీ బల్ల మీద కనిపించాయి. నాకెవరూ అన్యాయం చెయ్యలేదు. అడిగితే వద్దన్నాను, నమ్మారు.

"అడుగు," అన్నారు ఆవిడ. "నాకోసం ఎంత గట్టిగా అడిగావో నీకోసం అంత గట్టిగా అడుగు."

నేను తలెత్తి పెద్దాయనతో, నాకు ఇంకా ఆకలిగా ఉంది, దయచేసి పెట్టండి అని ఇంగ్లీషులో చెప్పాను. తనాకా గారు దాన్ని జపాను భాషలో చెప్పేలోపే ఆయనకి అర్థమైపోయింది. ఆ సాయంత్రం మొదటిసారి నవ్వాడు. కొత్త ఆకు తెచ్చి పరిచాడు. మలుగుచేపతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఇక నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. నిజంగా నిండాక, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చాలని చెప్పాను.

బయటికొచ్చేసరికి ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. దుకాణాల ముందు కాగితపు దీపాలు వెలిగిస్తున్నారు. తనాకా గారు టాక్సీ కోసం ముందుకి నడిచారు. నేను ఆవిడ పక్కకి చేరాను.

"మేడమ్, ఆ మేనేజరు ఉద్యోగం నాక్కావాలండీ. నేను చెయ్యగలను. ఆ రోజు వద్దన్నది అబద్ధం."

ఆవిడ ఆగిపోయారు. "ఈ ముక్క చెప్పడానికి సముద్రాలు దాటాలటే? మా రేవులో పాట నోరు తెరిచినోళ్ళదే అమ్మాయ్. నోరు తెరవనోళ్ళు గంప బోర్లించుకుని ఇంటికెళ్ళడవే." రెండడుగులు వేసి, నా వైపు తిరిగారు. "మా అన్నకి ఇంకా మాటివ్వలా. నే చెప్పుకుంటాలే. కుర్చీ నీదే."

ఆ చెప్పుకోవడం ఎంత కష్టమైందో ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. అన్నగారు చాలాకాలం ఆవిడ గడప తొక్కలేదని సుభానీ గారి ద్వారా తెలిసింది. ఆ తర్వాత నేను చెన్నైలో, ముంబైలో, నాకంటే రెట్టింపు వయసున్నవాళ్ళ ముందు కూర్చుని మాకేం కావాలో చెప్పాను. ప్రతిసారీ మొదట అరచేతులు చెమటలు పట్టేవి. ఇప్పటికీ పడతాయి.

చివరి రోజుల్లో ఆవిడ గుణదలలో ఇంట్లోనే మంచం మీద ఉన్నారు. తిండి బాగా తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం కొరమేను పులుసు చేసి తీసుకెళ్ళాను. అన్నం మెత్తగా కలిపి పెడుతుంటే రెండు ముద్దలు తిని, పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"చాలే."

నేను వెంటనే పళ్ళెం పక్కన పెట్టేశాను. అన్నేళ్ళు నేర్చుకున్న పాఠం అది. ఆవిడ నా వైపే చూస్తూ ఉండిపోయారు.

"అంతేనా?" అన్నారు.

"ఏంటండీ?"

"ఇంకోసారి అడగవా?"

"మీరే కదండీ, చాలంటే నమ్మాలన్నారు."

"అది నీక్కావలసింది అడగడానికి చెప్పానే. ఎదటివాళ్ళకి పెట్టేదాని గురించి చెప్పలా." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "అది నాకే చాతకాలేదు. మా అన్నని కూడా ఒక్కసారే పిలిచాను. రానన్నాడు. ఊరుకున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, మా అమ్మ చేసినట్టే చేశాను. "అదేం తిండండీ, పిట్టలాగా. ఒక్క ముద్ద, నా మాట కాదనకండి," అన్నాను. ఆవిడ వద్దు వద్దంటూనే నోరు తెరిచారు. ఇంకో ముద్ద, ఇంకోటి, చిన్నపిల్లలా మొహం తిప్పుకుంటూ, నవ్వుతూ తిన్నారు. బయటికొచ్చి బందరుకి ఫోన్ చేశాను. అన్నగారు రానన్నారు. మళ్ళీ చేశాను. మర్నాడు పొద్దున వచ్చారు.

ఇవాళ ఈ పనసపొట్టు కూర ఎందుకంటే, మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన అమ్మాయి భోజనానికి వస్తోంది. పని బాగా చేస్తుంది, నోరు మాత్రం విప్పదు. మొదటి గరిటెకే చాలండీ అంటుందని నాకు తెలుసు. నేను రెండోసారి అడుగుతాను, అది ఆదిలక్ష్మి గారికి చాతకాని పని కనుక. మూడోసారి అడగను. ఇంకొంచెం వెయ్యండి అన్న మాట ఆ పిల్ల నోట్లోంచే వచ్చేదాకా గరిటె పట్టుకుని అక్కడే నిలబడతాను.