ఆయన మింగాడనుకున్న మందు

పోయిన వారం చేప కోస్తుంటే బొటనవేలికి ముల్లు దిగింది. ముల్లు చిన్నదే, నా నిర్లక్ష్యం పెద్దది. రెండో రోజుకి వేలు లేత వంకాయలా నిగనిగలాడింది, మూడో రోజుకి చేయంతా సలుపు. మిల్లు గేటు ఎదురుగా కొత్తగా కూర్చుంటున్న డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. చిన్నపిల్ల, బెంగాలీ అమ్మాయి. వేలు తిప్పి చూసింది, నొక్కి చూసింది, ఇంతకుముందు ఏ మందుకైనా ఒళ్లంతా దద్దుర్లు లేచాయా అని అడిగింది. లేదంటే కాగితం రాసిచ్చింది. మందుల దుకాణం అతను పాతా తీసి నా చేతిలో పెట్టాడు. మాత్రల షీటును ఇక్కడ పాతా అంటారు, ఆకు అన్నమాట. "సెఫాలెక్సిన్ మాషిమా, రోజుకి మూడు" అన్నాడు. మాషిమా అంటే పిన్నిగారు అని. నాకు చదువు రాదు. సంతకం వస్తుంది, అది కూడా సగం పేరే. నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలు నాలుగు: పింఛను, ఓవర్‌టైము, సైరను, సెఫాలెక్సిన్. ఆ నాలుగోది నేను పదకొండేళ్ల తర్వాత మళ్లీ విన్నాను. దుకాణం మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. కళ్లు తిరిగాయేమో అనుకుని అతను మంచినీళ్లు తెచ్చాడు.

నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది మా చర్చిలో ఆదివారం బడి చెప్పే అమ్మాయి. తెలుగు రాయగలిగిన పిల్లలు కలకత్తా పక్కనున్న ఈ బడ్జ్ బడ్జ్‌లో మా మిల్లు కూలీల ఇళ్ల లైన్లో ఇప్పుడు వేళ్ల మీద లెక్క. నా మాటలు కొంచెం సరిచేసి రాస్తానంది. మాటలు సరిచేసుకో తల్లీ, జరిగింది మాత్రం సరిచేయకు అన్నాను.

మా ఆయన జనపనార మిల్లులో నూలు వడికే ఖాతాలో, అంటే ఆ విభాగంలో, పని చేసేవాడు. ముప్పై ఏళ్లు ఆ దుమ్ములో ఉన్నాడు. ఇంటికొస్తే కనుబొమ్మల మీద కూడా పీచు ఉండేది, దులిపితే తుమ్మేవాడు, తుమ్మితే నన్ను తిట్టేవాడు. షుగరు ఉంది. ఉన్నదని తెలిసిన రోజున రసగుల్లా తిని వచ్చాడు, ఇక దొరకదని. ఒకరోజు మిషను అంచు తగిలి కాలి పిక్క మీద గీరుకుంది. గోరంత గాయం. పట్టించుకోలేదు. నాలుగు రోజులకి మోకాలి వరకు ఎర్రబడి, ముట్టుకుంటే పెనంలా కాలింది. జ్వరం. అప్పట్లో ఒక ముసలి డాక్టరుబాబు ఉండేవాడు. చర్మం కింద చీము పురుగు పాకుతోందని చెప్పి, ఏడు రోజులకి ఈ సెఫాలెక్సిన్ రాశాడు. ఎనిమిది గంటలకొకటి. జ్వరం తగ్గినా ఆపొద్దు, ఒక్కటి కూడా మిగలొద్దు, షుగరున్న కాలు ఇది, అని నా ముఖంలోకి చూసి మరీ చెప్పాడు. నాకు గడియారం చూడటం రాదు బాబూ అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. మీ మిల్లు సైరను ఉందిగా, ఆరింటికి, రెండింటికి, పదింటికి, సైరను మోగినప్పుడల్లా ఒకటి అన్నాడు. అంత తెలివైన మాట నాతో ఏ చదువుకున్నవాడూ అనలేదు.

మూడు రోజులు అలాగే నడిచింది. సైరను మోగేసరికి నేను మంచం పక్కన ఉండేదాన్ని. ఆయనకు గొట్టం మాత్ర గొంతు దిగదు. పిల్లాడిలా ముఖం పెట్టేవాడు. అరటిపండు ముక్కలో దాచి ఇచ్చేదాన్ని.

"మిల్లుకాడ సైరనూదితే జీతమిత్తారు. నీ సైరనుకి ఏటిత్తావే?" అనేవాడు.

"అరటిపండిత్తన్నాను కదేటి. నోరు తెరు."

మా లైను సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర మందు ఆవకాయ లాంటిది. ఒక ఇంట్లో ఉంటే నాలుగిళ్లకు అందుతుంది. జ్వరం దిగిందా, మిగిలిన మాత్రలు డబ్బాలో పడతాయి. పక్కింట్లో ఎవరో దగ్గితే డబ్బా మూత తీస్తారు. పచ్చ మాత్ర కడుపుకి, ఎర్ర గొట్టం గొంతుకి, ఇలా రంగును బట్టి వైద్యం. నేనూ ఇచ్చాను, నేనూ పుచ్చుకున్నాను. తప్పని ఎవరం అనుకోలేదు. పారేస్తే పాపం అనుకున్నాం. కానీ ఈసారి డాక్టరుబాబు చూసిన చూపు నన్ను పట్టుకుంది. ఈ పాతా నుంచి ఒక్కటి కూడా గడప దాటదని అందరికీ ముందే చెప్పేశాను. మా వదినకు కూడా.

వదిన అంటే ఆయన అక్క. ఒకే గోడకి మాది ఈ పక్క, ఆవిడది ఆ పక్క. చిన్నప్పుడే వాళ్లమ్మ పోతే ఈయనను చంకనేసుకుని పెంచింది. తర్వాత తన మొగుడూ పోయాడు. అక్క మాట ఈయనకు బైబిలు మాటతో సమానం. నాలుగో రోజు పొద్దున ఆయనకు జ్వరం లేదు, కాలి ఎరుపు కూడా వెనక్కి తగ్గింది. నేను కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుని వచ్చేసరికి వదిన మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయి ఉంది. ఇద్దరూ ఏదో మెల్లగా మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆపేశారు. అక్కాతమ్ముళ్ల మాటల్లోకి నేనెందుకని బిందె దించుకుని లోపలికి పోయాను.

ఆ మధ్యాహ్నం రెండింటి సైరనుకి నేను వెళ్తే ఆయన చేయి చాచాడు. "నానేటి సిన్నపిల్లాడినేటే? పాతా నాకిచ్చీ. నానే ఏసుకుంతాను." ఇచ్చేశాను. జ్వరం తగ్గి మనిషికి పౌరుషం వచ్చిందని సంతోషించాను కూడా. ఆ తర్వాత ప్రతి సైరనుకి అడిగేదాన్ని, ఏసుకున్నావా అని. పాతా తీసి చూపించేవాడు. నాకు అంకెలు రావు, కాని వేలికి తెలుస్తుంది. గుంటల మీద బొటనవేలు రాసి చూసేదాన్ని. నిండు గుంట నునుపుగా ఉబ్బి ఉంటుంది, ఖాళీ గుంట చిరిగి గుచ్చుకుంటుంది. రోజుకి మూడు గుంటలు గుచ్చుకునేవి. సరిపోయింది. గుంట ఖాళీ అయిందని వేలు చెబుతుంది, అది ఎవరి గొంతు దిగిందో వేలు చెప్పదు.

ఏడు రోజులూ అయిపోయాయి. ఇంకో నాలుగు రోజులకి కాలు మళ్లీ లేచింది. ఈసారి ఎరుపు కాదు, నలుపు. చలి, వణుకు, పిచ్చి మాటలు. కలకత్తా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు కాగితం చూసి నన్ను అడిగాడు, ఈ మందు అంతా వేశారా, టైముకి ఇచ్చావా, ఎవరు చూసుకున్నారు అని. నేను నోరు తెరిచేలోపు ఈయనే మాట్లాడాడు. అప్పుడు తెలివిలోనే ఉన్నాడు. వదిన నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడ ముఖం ఒకసారి చూసి, తర్వాత డాక్టరుతో హిందీలో అన్నాడు, దాన్నేమీ అనకండి సాబ్, పాపం అది చదువుకోలేదు, అని.

అంతే అన్నాడు. నాలుగో రోజు పోయాడు.

ఆ మాట నేను మనసులో పదిలంగా పెట్టుకున్నాను. చచ్చిపోతూ కూడా నా మీద ఈగ వాలనివ్వలేదని అందరికీ చెప్పుకున్నాను. కాని ఆ మాట ఆసుపత్రిలో ఆగలేదు. నాకంటే ముందే లైనుకి వచ్చింది. సమాధుల తోటలో ఇంకా మట్టి కప్పుతుండగానే వెనక ఎవరో అన్నారు, సదువు రాని సేతిలో మందెడితే ఇంతే మరి, అని. నాకు కోపం రాలేదు. నిజమేనేమో అనుకున్నాను. ఏ సైరను తప్పాను? రెండింటికి ఇవ్వాల్సింది మర్చిపోయానా? అరటిపండులో పెట్టకూడదేమో? పదకొండేళ్లు ప్రతి సాయంత్రం ప్రార్థనలో దేవుణ్ని ఒకసారి, పోయిన మా ఆయన్ను రెండుసార్లు క్షమాపణ అడిగాను. మనవలకు జ్వరమొస్తే కోడలే చూసుకోవాలి. నేను మందు సీసా ముట్టుకోలేదు. పిల్లాడు దగ్గుతూ నా ఒళ్లో పడుకుంటే, తడిగుడ్డ వేస్తాను కాని సీసా మూత తీయను. ఈ ఏళ్లన్నీ వదిన మా ఇంట్లోనే రెండు పూటలా టీ తాగింది.

పోయిన నెల శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వదిన సాక్ష్యం చెప్పడానికి లేచింది. మాలో అది ఆచారం. దేవుడు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పాలి. ఆవిడకు పెద్ద వయసు, వినేవాళ్లు దొరికితే వదలదు. ఈసారి కొత్త మేలు ఎత్తుకుంది. తనకు ఒకప్పుడు ఒంటేలుకి వెళ్తే ప్రాణం పోయేంత మంట, జ్వరం వచ్చాయట. మగ డాక్టరుకి చెప్పలేక, విధవరాలికి ఆ జబ్బేమిటని నలుగురూ నవ్వుతారేమోనని భయపడి దాచుకుందట.

"ఆకరికి నా తమ్ముడికి సెప్పినాను. ఆడు కాలు బాగోక మంచం మీదున్నాడు. నాకు జరం తగ్గిపోనాది అక్కా, ఈ మందు నువ్వేసుకో అని, నోటికాడ మందు తీసి నాకిచ్చినాడు. నాలుగు రోజులకి నయమైపోనాది. ఆ తమ్ముడి సేత దేవుడు నన్ను బతికించినాడు."

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. నలభై ఏళ్ల అలవాటు, నోరు మనసు కోసం ఆగదు. రాస్తున్న పిల్ల ఇక్కడ కలం ఆపింది. రాయమ్మా. నువ్వూ అన్నావు.

ప్రార్థన అయ్యాక అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. టీ గ్లాసు చేతికిచ్చాను, అడిగాను.

"నాకెందుకు సెప్పలేదు వదినా?"

"ఆడే సెప్పొద్దన్నాడే. నీకు తెలిత్తే గొడవ సేత్తావని."

"మరి ఊరంతా నన్నంటన్నప్పుడు నీ నోరేటయ్యింది?"

ఆవిడ టీ మీద మీగడ వేలితో తీసి పక్కన పారేసింది. "అప్పటికే అందరూ నీ మీద ఏసీసినారు. నాను సెప్తే ఆడు తిరిగొత్తాడేటే?"

"ఆడు రాడు వదినా. నాను తిరిగొచ్చీదాన్ని."

ఆవిడ టీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది కూడా.

ఆ రాత్రి నుంచి నన్ను తొలిచింది వదిన కాదు. ఆవిడ సిగ్గు ఆవిడది, నాకు అర్థమవుతుంది, ఆడదాన్నే. తొలిచింది ఆయన మాట. పాపం అది చదువుకోలేదు. నన్ను కాపాడుతున్నాడనుకున్నాను. ఆయన కాపాడింది అక్కను. నా చదువురానితనాన్ని అడ్డం పెట్టాడు, అంతే. ముప్పై ఏళ్లు నా చేతి కూడు తిన్నవాడు, నేను సైరను తప్పలేదని ప్రపంచంలో తెలిసిన ఒకే ఒక్కడు, అది చెప్పకుండా పోయాడు.

వేలు చూపించుకోవడానికి మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. మూడు రోజులు వేసి ఆపేస్తే అలా అవుతుందా అని అడిగాను. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. "ఇప్పుడు ఎవరూ చెప్పలేరు మాషిమా, షుగరు ఉన్న కాలు, మొత్తం వేసినా ఏమయ్యేదో. అందుకే సగంలో ఆపొద్దని, ఇంకొకరికి ఇవ్వొద్దని చెబుతాం. వాళ్ల జబ్బు వేరు, వాళ్ల మందు వేరు కావచ్చు" అంది. తర్వాత నా చేయి పట్టుకుని, "మీరు ఇచ్చినన్ని రోజులూ సరిగ్గానే ఇచ్చారు" అంది. ఆ ఒక్క మాట కోసం నేను పదకొండేళ్లు ఎదురుచూశానని ఆ పిల్లకి తెలియదు.

మొన్న శుక్రవారం పాస్టరమ్మగారు సాక్ష్యాలు ఎవరికైనా ఉన్నాయా అని అడిగితే నేను లేచాను. ఎప్పుడూ లేవనిదాన్ని, అందరూ తిరిగి చూశారు. చాలా చెప్పాలనుకుని వెళ్లాను, ఒక్క ముక్కే చెప్పాను. "ఆయన మందు నా సేతిలో ఉన్నన్నాళ్లూ నాను ఒక్క సైరను తప్పలేదు" అన్నాను. కూర్చున్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. దానికి అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వదిన ముసుగు ముందుకు లాక్కుంది. ఎవరో పాట ఎత్తుకున్నారు.

నా తప్పు లేదని తెలిస్తే తేలికవుతుందనుకున్నాను. తేలికయింది. కాని ఖాళీ అయిన చోట ఇప్పుడు ఆయన మీద కోపం కూర్చుంది. సాయంత్రం ప్రార్థనకి మోకరిస్తే ఆయన్ను ఏమని పిలవాలో తెలియడం లేదు. క్షమించమని అడగడంలోనే నాకు పదకొండేళ్లు పోయాయి. క్షమించడానికి కూడా అన్నేళ్లే పడితే, నా దగ్గర అన్ని ఏళ్లు లేవు.