కరుణ టీచర్ ఎడమ భుజం

1999లో నందిగామ బస్టాండు దగ్గర, ఒక మేడ కింది గదిలో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టాను. అప్పటికి ఆ చుట్టుపక్కల ఆ మాటే కొత్త. కొందరు కరెంటు పెట్టే డాక్టరమ్మ అనేవాళ్ళు. ఇంకొందరు మాలిష్ చేస్తారటగా అని అడిగి నాకు ఒళ్ళు మండించేవాళ్ళు. కాలేజీలో అనాటమీ నాకు ఇష్టమైన సబ్జెక్టు. చెయ్యి, భుజం అయితే నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ గీర కాస్త ఎక్కువే ఉండేది.

అక్టోబరులో కరుణ వచ్చింది. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి టీచరు. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఎడమచేతి వాటం. రెండు మూడు నెలలుగా ఆ చెయ్యి భుజం ఎత్తు దాటి లేవడం లేదు. నల్లబోర్డు కింది సగంలోనే రాస్తోంది, అదేమో వెనక బెంచీల పిల్లలకు కనిపించదు. క్రిస్మస్ సెలవుల్లోపు బాగుపడకపోతే వేరే మనిషిని చూసుకుంటామని కరస్పాండెంటు చెప్పేశారట. ఆ ఇల్లు గడిచేది ఆమె ఉద్యోగంతోనే.

ఆమె తెచ్చిన డాక్టరు చీటీలో ఫ్రోజెన్ షోల్డర్ అని ఉంది. అంటే భుజం కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోవడం. దానికో గుర్తుంది. రోగి తనంతట తాను చెయ్యి ఎత్తలేరు, మనం పట్టుకుని ఎత్తినా లేవదు. కరుణ చెయ్యి నేను ఎత్తితే నొప్పితోనే అయినా దాదాపు పైదాకా వచ్చింది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఇంకా ముదరలేదులే అనుకున్నాను. ఆపరేషన్లేమైనా అయ్యాయా అని అడిగితే లేదండి అంది. మైనం కాపడం పెట్టి, వేళ్ళతో గోడ మీదికి పాకించే ఎక్సర్‌సైజు నేర్పి, ఇంటి దగ్గర రోజూ రెండు పూటలా చెయ్యమన్నాను.

మూడు వారాలకీ అంగుళం మార్పు లేదు. ఇంటి దగ్గర చెయ్యకుండా ఇక్కడికొచ్చి కూర్చుంటే చెయ్యి దానంతటదే లేస్తుందా అని కసిరాను. చేస్తున్నానండి అంది మెల్లగా. నేను నమ్మలేదు.

మా ఇల్లూ జగ్గయ్యపేటే. రోజూ బస్సులో నందిగామ వచ్చిపోయేదాన్ని. నాకూ కరుణకూ జాకెట్లు కుట్టేది మస్తాన్ గారు. మా వైపు ఆడవాళ్ళం టైలరు ముందు నిలబడి కొలతలు ఇవ్వం. ఒంటికి సరిగ్గా అమరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తాం, ఆ ఆది జాకెట్టును బట్టి కొత్తది కుడతారు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన విసుగ్గా ఉన్నారు. టీచరమ్మది నాలుగేళ్ళుగా ఒకటే ఆది. ఈమధ్య కుట్టిన రెండు జాకెట్లూ ఎడమ పక్క జారిపోతున్నాయని వెనక్కి తెచ్చింది. విప్పి కుట్టినా అదే గొడవట.

"తొడుక్కొచ్చి చూపించిందండి. కాస్త దూరం జరిగి చూశా. జాకెట్టు బానే ఉంది మేడం, ఆ అమ్మాయి ఎడం భుజమే అంగుళం కిందికి దిగింది. ఆ మాట ఆడపిల్ల మొహం మీద ఎట్లా చెప్తాం? ఊరుకున్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఫ్రోజెన్ షోల్డర్ ఉన్నవాళ్ళు చెయ్యి ఎత్తబోయి భుజాన్ని చెవి దగ్గరికి ఎగరేస్తారు. కిందికి దిగడమేమిటి? మూడు వారాలు ఆ భుజం పట్టుకున్నాను గానీ ఎదురుగా నిలబడి, పైట మీదుగానే. ఆడదాన్నై ఉండి కూడా వీపు చూపించమని అడగలేదు. ఇంటికెళ్ళి పాత అనాటమీ పుస్తకం తీశాను. అమ్మ చేత నా వీపు మీద అరచెయ్యి పెట్టించి, చెయ్యి పైకెత్తి, కిందికి దించాను. ఎముక తిరుగుతోందే అని అమ్మ ఆశ్చర్యపోయింది. ఆ ఎముకే స్కాపులా. చెయ్యి తల మీదికి లేవాలంటే మూడింట రెండొంతులు భుజం కీలు తిరగాలి, మిగతా వంతు స్కాపులా తిరగాలి. ఇది పరీక్షలో పేజీలకు పేజీలు రాసినదాన్నే.

మంగళవారం కరుణ రాగానే తలుపు వేసి, పైట తీసి వెనక్కి తిరిగి కూర్చోమన్నాను. మెడకూ భుజానికీ మధ్య కుడివైపు నిండుగా ఉంది, ఎడమవైపు గుంట పడింది. రెండు భుజాలూ ఎగరెయ్యమంటే కుడిది చెవిని తాకింది, ఎడమది ఉన్నచోటే ఉండిపోయింది. అక్కడ ఉండాల్సిన కండ ట్రెపీజియస్. తల వెనక నుంచి నడివీపు దాకా పరుచుకుని, స్కాపులాను పైకి పట్టి ఉంచేదీ, తిప్పేదీ అదే. దాన్ని కదిలించే స్పైనల్ యాక్సెసరీ నరం మెడ పక్కగా, చర్మానికి కాస్త లోపలే దిగుతుంది. కరుణ జడ ఎప్పుడూ ఎడమవైపు నుంచి ముందుకు వేసుకునేది. పక్కకు తీశాను. మెడ మీద అర అంగుళం మచ్చ.

"ఇదేంటి కరుణా?"

జడ మళ్ళీ మచ్చ మీదికి లాక్కుంది.

"జూన్‌లో గడ్డ తీశారండి. టీబీ అన్నారు, మాత్రలు వాడుతున్నా. బయట తెలిస్తే పెళ్ళి కుదరదని అమ్మ ఎవరికీ చెప్పొద్దంది."

"నాక్కూడానా?"

"మెడకీ చేతికీ ఏం లింకు ఉంటుందిలే అనుకున్నానండి."

ఆమెను ఏమనగలను? ఆ లింకు చదువుకున్నదాన్ని నేను. గడ్డ తీసేటప్పుడు నరం తెగి ఉండాలి. తెగిన నరాన్ని ఆర్నెల్ల లోపు కలిపితే ఆశ ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ కండ కరిగిపోతుంది. అప్పటికే ఐదు నెలలు. అందులో మూడు వారాలు నా పుణ్యమే. ఆ రోజే విజయవాడలో నరాల ఆపరేషన్లు చేసే సర్జన్‌కు ఉత్తరం రాసిచ్చాను. నరం పరీక్షలో అదే తేలింది, డిసెంబరు మొదట్లో ఆపరేషన్ అయింది. స్కూలుకు నేనే వెళ్ళి, టీబీ ఊసెత్తకుండా, నరం దెబ్బతింది, ఏడాది ఆగండి అని బతిమాలాను. ఒకటో తరగతిలో పిల్లలకు అందేలా బోర్డు కిందికే ఉంటుంది, కరుణను ఆ తరగతికి మార్చారు.

మరుసటి అక్టోబరులో వెనక్కి తిరిగి కూర్చుని చెయ్యి ఎత్తింది. పూర్తిగా కాదు, తల దాటి జానెడు. ఏడాదిగా నన్ను తొలుస్తున్న మాట అప్పుడు చెప్పేశాను. మొదటి మూడు వారాలు చేయించిందంతా దండగనీ, తప్పు నాదేననీ, పైగా నిన్నే కసిరాననీ.

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"రెండు పూటలా చేసేదాన్నండి, గోడ పట్టుకుని ఏడుస్తూ. మీరు అన్నాక నాకే సరిగ్గా చేతకావట్లేదనుకున్నా. ఇప్పటిదాకా అట్లానే అనుకుంటున్నా."

ఇప్పుడు నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు భుజం పాఠం వీపు వైపు నుంచే మొదలుపెడతాను. దానికంటే ముందు ఇంకొకటి చెబుతాను. మనం చెప్పిన వైద్యం పనిచెయ్యకపోతే ముందు మన మీదే అనుమానం పడండి, రోగి ఎలాగూ అప్పటికే తన మీద తాను అనుమానం పడే ఉంటారు అని.