ఖాళీ వరుస

మానుకోటలో బస్సెక్కగానే నా పక్కన కూర్చున్నామెకు ఫోను వచ్చింది. అవతలి మాటలు నాకూ వినిపించాయి.

"మీ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు ఒకరున్నట్టు చూపిస్తోంది. చుక్కల మందు వేయించారా?"

"లేడు మేడం. పోయిన వానకాలమే జరమొచ్చి పాణం పోయింది." ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "పేరు తీసేసినమన్నరు అక్కా. మల్ల ఒకరున్నరనే అడుగుతరు."

ఆ లెక్కలు తీసేది మా ఆఫీసే. కారణం నాకు అక్కడే తట్టింది. కంప్యూటర్లో ఇళ్ల పట్టికను పిల్లల పట్టికతో కలిపినప్పుడు, పిల్లలు లేని ఇంటికి కూడా ఒక ఖాళీ వరుస మిగులుతుంది. మావాళ్లు పిల్లలను కాక వరుసలను లెక్కపెట్టారు. ఆ ఖాళీ కాస్తా ఒక బిడ్డయి కూర్చుంది.

"తప్పు మాదే చెల్లె. సరిచేయిస్త. ఇగ సున్నా చూపిస్తది, ఫోన్లు రావు," అన్నాను.

ఆమె ఫోనును కొంగులో చుట్టుకుంది.

"మా ఇంట్ల వాని ఊసే ఎత్తనియ్యరక్కా. గా ఫోనొచ్చినప్పుడే వాని గురించి మాట్లాడుత. జర గట్లనే ఉండనియ్యి."

గూడూరులో దిగిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

అలాగే వదిలేస్తే పిల్లలు లేని ప్రతి ఇంట్లోనూ ఒక బిడ్డ ఉన్నట్టే. ఆఫీసుకు వెళ్లగానే కంప్యూటర్‌కిచ్చే ఆదేశంలో ఒక్క మాట మార్పించి, వరుసలను కాక పిల్లలనే లెక్కపెట్టేలా లెక్క మళ్లీ తీయించాను. గూడూరు మండలం కింద సున్నాలు బారులు తీరాయి.

వాటిలో ఆమె ఇల్లు ఏదో నాకు తెలియదు.